ప్రళయకావేరి ఒడ్డున ఒక పగలు

చెన్నై నుంచి ఉత్తరంగా సాగే కోల్‌కతా రహదారి మీద గుమ్మిడిపూండి, ఆరంబాక్కం దాటి తడ సమీపించేసరికి గాలి రుచి మారుతుంది. అంతదాకా కార్ఖానాల పొగనీ, లారీల రొదనీ, టైర్ల కమురునీ మోసుకొచ్చిన గాలి ఉన్నట్టుండి చల్లబడుతుంది, తేమబారుతుంది. ఉప్పు, నాచు, తడి బురద, ఎండుచేపల వాసనలన్నీ కలగలిసిన పాతకాలపు పరిమళంతో కుడివైపు కిటికీలోంచి మెల్లగా లోపలికొస్తుంది. తూరుపు ఇంకా తెల్లవారదు. తాటిచెట్ల నల్లని తలలు ఆకాశానికి అంటుకుని నిశ్చలంగా ఉంటాయి. వాటి వెనకాల, ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగుస్తుందో అంతుచిక్కని వెండిపొర నేలంతా పరుచుకుని, వేకువ చుక్క చివరి వెలుగును తనలోకి ఇంకించుకుంటూ పడుకుని ఉంటుంది. అదే పులికాట్ సరస్సు. తమిళులకు పళవేర్కాడు. ఒడ్డున పుట్టి పెరిగిన మన తెలుగువాళ్లకు ప్రళయకావేరి.

స్కాట్లాండులో నెస్ సరస్సు ఒడ్డున సగం కూలి నిలిచిన అర్కర్ట్ కోటను చూడడానికి దేశదేశాల జనం కార్లలో బారులు తీరతారు. నీరు, శిథిలం, పొగమంచు ఒకచోట కలిస్తే మనిషి మనసు మెత్తబడుతుంది కాబోలు. ఆ మూడూ చెన్నై వాకిట్లోనే ఉన్నాయి. వాటికి తోడు వేలవేల రెక్కల గులాబి రంగు కూడా ఉంది. తెల్లవారుజామున బయల్దేరి పొద్దుగుంకేలోపు ఈ సరస్సును ఉత్తరాన్నుంచి దక్షిణానికి చుట్టి రావచ్చు. దారిలో కోట శిథిలాలున్నాయి, గుడి ఉంది, సమాధులున్నాయి, రాకెట్లు ఎగిరే దీవి ఉంది. అయితే ఇక్కడి చరిత్రను రాళ్లలో వెతకబోయేవాళ్లు ముందు నీళ్లను చూడాలి. ఓడలను పిలిచింది ఈ నీరే, ఊళ్లను నిలిపింది ఈ నీరే, కోట ఎక్కడ కట్టాలో చూపించింది కూడా ఈ నీరే.

దాదాపు 60 కిలోమీటర్ల పొడవున, బంగాళాఖాతానికి సమాంతరంగా, శ్రీహరికోట అనే సన్నని ఇసుక దీవి చాటున ఒదిగి ఉంటుంది ఈ ఉప్పుకయ్య. మనదేశంలో ఒడిశాలోని చిలికా తర్వాత ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం తిరుపతి జిల్లాలో, దక్షిణపు కొస తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాలో ఉంది. ఇంత విస్తారమైన జలరాశికి లోతు మాత్రం చాలాచోట్ల మనిషి నడుం దాటదు. వేల ఏళ్ల కిందట సముద్రం ఇంకా పడమరగా, ఇప్పుడు పొలాలున్న చోటిదాకా పరుచుకుని ఉండేది. అది వెనక్కి జరుగుతూ జరుగుతూ అలలతో ఇసుకను పేర్చి కట్ట వేసింది, ఆ కట్టకు లోపల తన జ్ఞాపకంగా ఈ నీటిని వదిలి వెళ్లింది. పడమటి నుంచి ఆరణి, కాళంగి, స్వర్ణముఖి తియ్యని నీళ్లు తెచ్చి పోస్తాయి. తూర్పు నుంచి ముఖద్వారాల గుండా సముద్రం తన ఉప్పును పంపుతుంది. ఈశాన్య ఋతుపవనాల వానలు కురిసిన కార్తీక మార్గశిరాల్లో నీరు తేటగా, చప్పగా, నిండుగా ఉంటుంది. వైశాఖం ఎండలకు అదే నీరు చిక్కబడి సముద్రాన్ని మించిన ఉప్పదనంతో మిణుకుమంటుంది, అంచుల్లో పగుళ్లిచ్చిన బురద మీద తెల్లని ఉప్పు పూత పూస్తుంది. ఏడాదిలో ఇన్ని రుచులు మార్చుకునే నీరు మరెక్కడా నేను చూడలేదు.

సూళ్లూరుపేటలో రహదారి వదిలి కుడివైపు తిరగగానే శ్రీహరికోట దారి మొదలవుతుంది. కాసేపు ఇళ్లు, కాసేపు తుమ్మచెట్లు, కాసేపు వరిచేల పచ్చదనం. ఆ తర్వాత నేల ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది. అటూ నీళ్లు, ఇటూ నీళ్లు, నడుమ తిన్నగా గీసినట్టున్న తారురోడ్డు. కిలోమీటర్ల కొద్దీ సరస్సు గుండెల మీదుగా సాగే ఇలాంటి దారి దక్షిణాదిలో అరుదు. కారు కిటికీలన్నీ దించేసి, ఇంజను చప్పుడు వినిపించనంత మెల్లగా పోవాలి ఇక్కడ. మంచు ఇంకా నీటి మీద పాకుతూనే ఉంటుంది, పాలనురగంత పలచగా, ఊదారంగు నీడలతో. ఆ మంచులోంచి ముందు చప్పుడు వస్తుంది. బాతుల అరుపు కాదు, కొంగల కూత కాదు. ముక్కుతో పలికే, గరగరలాడే, తెరలు తెరలుగా లేచి పడే వేల గొంతుల గుసగుస. కళ్లు చికిలించి చూస్తే మంచు అడుగున, నీటికీ ఆకాశానికీ మధ్య, లేత గులాబి గీత. మొదట అది సూర్యోదయపు ఛాయేమో అనిపిస్తుంది. ఇంతలో ఆ గీత కదులుతుంది.

రాజహంసలు! పక్షి శాస్త్రం ఫ్లెమింగో అని పిలిచే ఈ పొడుగుకాళ్ల సుందరులు, ఒక్కొక్కటీ పదేళ్ల పిల్లవాడంత ఎత్తు. కాళ్లు కెంపురంగు కాడలు. మెడ ఎస్ అక్షరం మెలిక తిరిగి, మళ్లీ నిటారుగా లేచి, మళ్లీ వంగి, క్షణక్షణం కొత్త వంపు తిరుగుతుంది. ఒళ్లు దూరానికి తెలుపు, దగ్గరకు పోయేకొద్దీ తామరపువ్వు లోపలి రేకు రంగు. ముక్కు మధ్యకు విరిచి కిందికి వంచినట్టుంటుంది, దాని చివర కాటుక చుక్క. సూర్యుడు శ్రీహరికోట అడవి తలల మీదుగా మొదటి కిరణం విసిరేసరికి వేల కాళ్ల నీడలు, వేల మెడల నీడలు అద్దంలాంటి నీటిలో తలకిందులుగా మొలుస్తాయి. పైన ఒక గుంపు, కింద ఒక గుంపు. ఏది పక్షో ఏది నీడో చెప్పలేనంతగా రెండూ ఒకే మెళకువతో నడుస్తాయి.

వాటి భోజనం చూడవలసిన వేడుక. కాళ్లతో బురదను మెత్తమెత్తగా తొక్కుతూ చిన్న అడుగులతో అక్కడక్కడే తిరుగుతుంటాయి. అడుగున పడుకున్న నలుసంత జీవాలు నీళ్లలోకి లేస్తాయి. అప్పుడు మెడ వంచి, తలను పూర్తిగా తిరగేసి, పైముక్కు కిందికీ కిందిముక్కు పైకీ వచ్చేట్టు నీటిలో ముంచుతాయి. నాలుక పిచికారీ కర్రలా ఆడుతూ నీళ్లను లోపలికి లాగి బయటికి తోస్తుంటే, ముక్కు అంచున దువ్వెనపళ్లలాంటి పొరలు నాచునీ, చిట్టి రొయ్యలనీ పట్టి ఉంచుతాయి. ఆ తిండిలోని వర్ణమే ఈకల్లోకి దిగి గులాబి అవుతుంది. పుట్టినప్పుడు వీటి పిల్లలకు ఆ రంగు లేదు. బూడిదరంగుతో పుట్టి, ఏళ్ల తరబడి ఉప్పునీరు తాగి, తిన్న తిండిని కాస్త కాస్తగా అందంగా మార్చుకుంటాయి. గుంపుల్లో అక్కడక్కడా మట్టిరంగులో, కొంచెం బెదురుగా, పెద్దల వెనకే తచ్చాడుతూ కనిపించేవి ఆ కుర్రపక్షులే. గుజరాత్‌లో కచ్ ఎడారి ఉప్పుబయళ్ల మీద, మట్టితో పీటంత దిబ్బలు కట్టి, ఈ జాతి గుడ్లు పెడుతుంది. అంత దూరపు నిర్మానుష్యమైన ఉప్పునేలకూ, చెన్నై పక్కనున్న ఈ ఉప్పునీటికీ రెక్కలతో బంధుత్వం కలిపిన సృష్టికర్త చాతుర్యానికి చేతులెత్తి మొక్కాలి.

ఇంతలో ఎక్కడో గద్ద నీడ పడుతుంది. గుంపు అంచున ఒకటి మెడ చాస్తుంది, పక్కది చాస్తుంది, క్షణంలో వేల మెడలు ఒకే దిక్కుకు నిటారుగా లేస్తాయి. ఆపై పరుగు. నీటి మీద కాళ్లు టపటపలాడుతూ, నీటిచుక్కలు వెండిముత్యాలై చెదురుతూ, బరువైన దేహాలు ఒక్కొక్కటిగా నీటిని వదులుతాయి. అంతసేపూ ముడుచుకుని ఉన్న రెక్కలు అప్పుడు విచ్చుకుంటాయి. లోపల దాచుకున్న రహస్యం బయటపడుతుంది. దాసానిపువ్వు ఎరుపు, దాని అంచున నిగనిగలాడే నలుపు. ఆకాశమంతా ఎరుపూ నలుపూ. మెడ ముందుకూ కాళ్లు వెనక్కూ సాగదీసిన ఆ శిలువ ఆకారాలు వరసలు కట్టి, వంపులు తిరిగి, దూరంగా సాగిపోతుంటే చూసేవాళ్ల గొంతులో మాట ఉండదు.

ఈ దారి చివర దీవి మీద మరో రకం రెక్కలున్నాయి. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్ శ్రీహరికోట నుంచి ఎగిరింది. ఇక్కడినుంచి ఎగిరిన తొలి రాకెట్ అదే. 2002లో ఇక్కడి అంతరిక్ష కేంద్రానికి సతీశ్ ధవన్ పేరు పెట్టారు. 2023 జులై 14న చంద్రయాన్-3 ఇక్కడి నుంచే చంద్రుడి దారి పట్టింది. రాకెట్ల కంటే ముందు ఈ దీవి యానాదుల ఇల్లు. దట్టమైన సతతహరిత అడవిలో తేనె పట్టి, దుంపలు తవ్వి, వనమూలికల గుణాలన్నీ నాలుక చివర పెట్టుకుని బతికిన జనం వాళ్లు. ఇక్కడి కట్టెలు కాలువ పడవలెక్కి మద్రాసు పొయ్యిలకు చేరేవి. దీవి అంతరిక్ష కేంద్రమయ్యాక ఊళ్లు లేచిపోయాయి. మనుషుల రాకపోకలు తగ్గడంతో అడవి మాత్రం నిలిచింది. ముళ్లపొదలూ తీగలూ అల్లుకున్న ఆ చీకటి పచ్చదనం, దాని మీదుగా లేచిన ప్రయోగవేదిక ఇనుప కొమ్మలు, వాటి ముందు ఒంటికాలి మీద కునుకు తీస్తున్న రాజహంసలు ఒకే చూపులో ఇమిడిపోయే చోటు ప్రపంచంలో ఇంకోటి ఉందని నేననుకోను.

వెనక్కి వచ్చేటప్పుడు సూళ్లూరుపేటలో కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడి దగ్గర ఆగవచ్చు. రాత్రి కూడా తలుపులు మూయని గుడి. ప్రయోగానికి ముందు శాస్త్రవేత్తలు వచ్చి అమ్మకు మొక్కి పోతారు. తెల్లవారుజామున తడిబట్టలతో ప్రదక్షిణం చేసే భక్తుల పక్కనే వాళ్లూ నిలబడతారు.

రహదారి మీద ఇంకొంత ఉత్తరంగా పోతే దొరవారిసత్రం. అక్కడినుంచి పక్కకు తిరిగి పొలాల మధ్య సన్నని దారిన పోతే నేలపట్టు. పేరుకు ఊరి చెరువు. కానీ నీళ్ల మధ్య నిలబడ్డ కడప చెట్లను చూడగానే అది చెరువు కాదు, నీటిలో తేలే నగరమని అర్థమవుతుంది. కొమ్మకొమ్మకూ గూళ్లు. గూళ్లలో గూడబాతులు. మచ్చల ముక్కూ, బూడిద కలిసిన తెల్లని ఒళ్లూ, దవడ కింద వేలాడే లేత ఊదారంగు సంచీ ఉన్న ఈ భారీ పక్షి, చెట్టు చివర సన్నని కొమ్మ మీద అంత బరువునెలా నిలుపుకుంటుందో చూసినకొద్దీ ఆశ్చర్యం. పొద్దెక్కి నేల వేడెక్కగానే గాలి పైకి లేస్తుంది. ఆ గాలి భుజాలెక్కి గూడబాతులు రెక్క కదపకుండా సుడులు తిరుగుతూ, ఎత్తుకు ఎత్తుకు పోయి, మబ్బు అంచున చుక్కలై, అక్కడినుంచి జారుడుబల్ల మీద జారినట్టు పులికాట్ వైపు సాగిపోతాయి. సరస్సులో చేపలు సంచీకి నింపుకుని తిరిగొస్తాయి. గూటిలో ఈకలు రాని, ముడతల ఒంటి పిల్లలు కేకలు పెడుతూ తల్లి గొంతులోకి తలలు దూర్చి, భుజాలదాకా దిగిపోయి తింటాయి. చూడడానికి భయం పుట్టించే ఈ దృశ్యమే వాటి గోరుముద్ద.

నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాయిలు, తెడ్డుమూతి కొంగలు, నల్లని నీటికాకులు, ఎర్రకళ్ల రాత్రికొంగలు, అన్నీ ఈ చెట్లను పంచుకుంటాయి. రెట్టలతో ఆకులన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబడి ఉంటాయి. ఆ రెట్టే చెరువు నీళ్లలో కలిసి, కాలువల గుండా పొలాలకు చేరి, వరికి ఎరువవుతుంది. అందుకే నేలపట్టు రైతులు ఈ పక్షులను అతిథులుగా చూస్తారు. అవి రాని ఏడు వానలూ రావని వాళ్ల నమ్మకం. 1976లో ప్రభుత్వం దీన్ని రక్షిత కేంద్రంగా ప్రకటించింది. కానీ అంతకు ఎంతో ముందునుంచే ఊరివాళ్లు కాపు కాస్తున్నారు, గూళ్ల కింద చప్పుడు చెయ్యవద్దని పిల్లలకు నేర్పుతున్నారు.

మళ్లీ దక్షిణంగా, చెన్నై వైపు. తడ దగ్గర భీములవారిపాళెం రేవులో పడవలు బారులుగా ఊగుతుంటాయి. ఇక్కడినుంచి ఇరకం దీవికి పడవ పోతుంది. ఇలాంటి తిప్పల మీద, దీవుల మీద బతికిన జనం మాటనీ, వాళ్ల తిండినీ, ఆటల్నీ స.వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు'లో దాచిపెట్టారు. ఈ నీళ్లను చూడబోయే తెలుగువాళ్లు ఆ పుస్తకం చదివి బయల్దేరితే రెండు కళ్లతో కాక నాలుగు కళ్లతో చూస్తారు. ఈ సరస్సు గుండా బకింగ్‌హామ్ కాలువ కూడా సాగుతుంది. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్వడంతో మొదలైన ఆ నీటిదారి తర్వాత ఉత్తరంగా కాకినాడ దాకా పెరిగింది. 1876-78 నాటి ధాత కరువులో ఆకలితో కూలికొచ్చినవాళ్ల చేత దాని భాగాలు తవ్వించారు. తెరచాపలెత్తిన పడవలు బియ్యం, ఉప్పు, సరుగుడు కట్టెలు వేసుకుని తెలుగు తీరం నుంచి మద్రాసుకు ఈ దారినే పోయేవి. ఇప్పుడు దాని గట్ల మీద తుమ్మ పెరిగింది. నీటి మీద గుర్రపుడెక్క ఊదాపూలు పూసి, పచ్చని తివాచీ కదలకుండా పరిచినట్టుంది.

గుమ్మిడిపూండి దాటి పొన్నేరి మీదుగా ఎడమకు తిరిగితే పులికాట్ ఊరు. దారి చివరికి వచ్చేసరికి పొలాలు పలచబడి, ఇసుక తేలి, ఆకాశం కిందికి దిగుతుంది. పడవలు, వలలు, తాటాకు బుట్టలు అల్లే ఆడవాళ్లు, నడి వీధిలో ఆరేసిన రొయ్యలు. ఇప్పుడిది చిన్న పల్లె. 400 ఏళ్ల కిందట కోరమండల్ తీరం మీద పేరుమోసిన రేవు. 16వ శతాబ్దం మొదట్లో పోర్చుగీసులు వచ్చారు. ఆ తర్వాత డచ్చివాళ్లు విజయనగర ప్రభువు వెంకటపతిరాయల అనుమతితో ఇక్కడ కొట్టు పెట్టారు. పోర్చుగీసులు దాన్ని కాల్చేశాక, 1613లో కోట కట్టుకున్నారు. తమ దేశంలోని గెల్డర్లాండ్ పేరు మీద దానికి గెల్డ్రియా అని పేరు. 1690లో నాగపట్నానికి తరలిపోయేదాకా కోరమండల్‌లో డచ్చి కంపెనీకి ఇదే రాజధాని. చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన గళ్ల బట్టలు, లుంగీలు, రుమాళ్లు ఇక్కడ ఓడలెక్కి తూర్పు దీవులకు పోయేవి. వాటిని ఇచ్చి అక్కడ లవంగాలు, జాజికాయ కొనేవారు. బట్టలతో పాటు మనుషులు కూడా పోయారు. కరువుల్లో అమ్ముడుపోయిన వేలమంది స్త్రీ పురుషులను, పిల్లలను 17వ శతాబ్దంలో ఈ రేవు నుంచే ఆ తూర్పు దీవుల్లోని బటావియాకు బానిసలుగా పంపారు. ఈ నీటి అందం ముందు నిలబడ్డప్పుడు వాళ్లను కూడా తలుచుకోవాలి. ఒడ్డు కనుమరుగయ్యేదాకా వాళ్లు చివరిగా చూసింది ఈ తాటిచెట్లనే.

కోట ఇప్పుడు లేదు. 1825లో ఊరు ఆంగ్లేయుల చేతికి పోయేనాటికే అది కూలింది. మట్టి దిబ్బల మీద ముళ్లపొదలు, ఉడుముల కలుగులు, కందకంలో పచ్చని నీరు, ఆ నీటి మీద తూనీగల రెక్కల మెరుపు. ఇటుకల మధ్య రావిమొక్క వేళ్లు చాపి, గోడను ఒడిసి పట్టుకుని పైకి లేస్తోంది. సామ్రాజ్యం విడిచి వెళ్లిన చోట అడవి వచ్చి కాపురం పెట్టింది.

నిలిచింది శ్మశానం. పురావస్తు శాఖ కాపాడుతున్న డచ్చి సమాధుల తోటకు రాతి ద్వారం, దానికిరువైపులా చెక్కిన అస్థిపంజరాలు. ఎముక ఎముకా లెక్కపెట్టేంత శ్రద్ధగా చెక్కిన ఆ బొమ్మలు లోపలికి వచ్చేవాళ్లను ఉలిక్కిపడేట్టు చేస్తాయి. లోపల నల్లరాతి పలకలు, వాటి మీద సానబట్టినట్టున్న అక్షరాలు, కుటుంబ చిహ్నాలు, పూలతీగలు. సూది మొనల స్తంభాలు, గుమ్మటాల కింద సమాధులు. పొద్దు వాలే వేళ ఆ పలకల మీద పడే ఎండ పసుపు కలిపిన తేనె రంగులో ఉంటుంది. వేపచెట్టు నీడ అక్షరాల మీద అటూ ఇటూ ఊగుతుంది. పలకల మీద తొండ తల ఊపుతూ వెచ్చదనం కాచుకుంటుంది. వేల మైళ్ల అవతల పుట్టి, ముప్పై నలభై ఏళ్లు నిండకుండానే జ్వరాలతో ఇక్కడ రాలిపోయిన మనుషుల మీద, వాళ్లు పేరు కూడా నేర్చుకోని మన గడ్డిపూలు ఏటేటా పూస్తున్నాయి.

ఊళ్లోనే విజయనగర కాలపు ఆదినారాయణ పెరుమాళ్ గుడి ఉంది. ఈ ప్రాంతంలో అరుదైన ఎర్రని లాటరైట్ రాయి దానిది. అరచేతిలో ఇమిడేంత చిన్న చట్రాల్లో రామాయణ ఘట్టాలు చెక్కారు. ఉప్పుగాలి ఆ ముఖాలను కొంచెం కొంచెంగా నాకేస్తోంది. కళ్లూ ముక్కూ చెరిగిపోయినా హనుమంతుడి తోక వంపు ఇంకా చెక్కుచెదరలేదు. చెన్నపట్నం పుట్టుకలో కూడా ఈ తీరానికి పాలుంది. సరస్సుకు ఉత్తరాన దుగరాజపట్నంలో 1626లో కొట్టు పెట్టుకున్న ఆంగ్లేయులు అక్కడ నిలదొక్కుకోలేక, దక్షిణాన చోటు వెతుక్కుంటూ పోయి, 1639 ఆగస్టు 22న దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర ఇసుకతీరం పొందారు. ఆయన తండ్రి చెన్నప్ప పేరే ఆ పట్నానికి వచ్చింది. పులికాట్ రేవులో డచ్చివాళ్లు తిష్ఠ వేసి ఉండడం కూడా వాళ్లను దక్షిణానికి నడిపించింది.

సాయంత్రం పడవెక్కాలి. చిన్న పడవ, పడవవాడి చేతిలో పొడుగాటి గడ. నీటి రంగు నిమిషనిమిషానికీ మారుతుంది. మొదట పచ్చిపాల నీలం, ఆపైన రాగి, ఆపైన కుంకుమ, చివరకు నేరేడుపండు. నడుం లోతు నీళ్లలో ఆడవాళ్లు వరసగా వంగి, చేతులతో బురద తడుముతూ రొయ్యలు ఏరుతుంటారు. నోట కరిచిన తాటాకు బుట్ట గడ్డం కింద వేలాడుతుంది. చేతికి తగిలిన రొయ్య క్షణంలో అందులోకి పోతుంది. వాళ్ల వేళ్లకు కళ్లున్నాయి. కాస్త అవతల మగవాళ్లు వలలు కడుతుంటారు. ఎవరు ఏ రోజు ఏ నీటిలో వల వెయ్యాలో 'పాడు' అనే పాత కట్టుబాటు ప్రకారం చీట్లు వేసి తేల్చుకుంటారు. మంచి చోటు ఒకడి సొత్తు కాకుండా వంతుల వారీగా అందరికీ దక్కాలని పెద్దలు పెట్టిన ఏర్పాటది. ఏ కోటకన్నా, ఏ గుడికన్నా ఈ కట్టుబాటే ఇక్కడి గొప్ప చారిత్రక కట్టడమని నా నిశ్చితాభిప్రాయం. అది రాతితో కట్టింది కాదు, తరతరాల మాట నిలకడతో కట్టింది.

పడవ లైట్‌హౌస్ కుప్పం పక్కగా ముఖద్వారం చేరుతుంది. ఒకవైపు సరస్సు మౌనం, మరోవైపు సముద్రం హోరు, నడుమ సన్నని ఇసుక నాలుక. పోటు వేళ సముద్రం ఆ సందులోంచి లోపలికి తోసుకొస్తుంది, దానితో పాటు రొయ్యపిల్లలు, చేపపిల్లలు లక్షల్లో లోపలికొచ్చి ఈ నిలకడ నీటిలో పెరుగుతాయి. పెరిగి మళ్లీ సముద్రానికి పోతాయి. ఈ చిన్న సందే సరస్సుకు ముక్కుపుటం. అలలు తెచ్చిన ఇసుకతో అది పూడిపోతే లోపలి నీరు ఆవిరై, చిక్కబడి, చేప తగ్గి, పక్షి తగ్గి, ఒడ్డున పొయ్యి ఆరిపోతుంది. ఆంధ్ర వైపు ముఖద్వారాలకూ ఇదే బాధ. అవి పూడిన ఏళ్లలో మత్స్యకారులు వలసపోయారు, పూడిక తీయమని ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. వాళ్ల గొంతుకు మన గొంతు కలపాలి. రాజహంసలను ఫొటో తీసుకుని మురిసిపోయేవాళ్లందరికీ ఆ బాధ్యత ఉంది.

వెళ్లదలచినవాళ్లు నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లండి. చెన్నై నుంచి సూళ్లూరుపేట రెండు గంటల ప్రయాణం, పులికాట్ ఊరు 60 కిలోమీటర్లు. సరస్సు దారిలో కారు పూర్తిగా పక్కకు తీసి ఆపండి, హారన్ మోగించకండి, పక్షులు ఎగిరితే ఫొటో బాగుంటుందని రాళ్లు విసరకండి, డ్రోన్లు ఎగరేయకండి. దూరదర్శిని వెంట తీసుకెళ్లండి. అనుమతి లేకుండా శ్రీహరికోట కేంద్రం గేటు దాటనివ్వరు. పడవెక్కేముందు ప్రాణరక్షక జాకెట్ అడిగి వేసుకోండి. రొయ్యలో, పీతలో, తాటాకు బుట్టలో కొంటే బేరమాడకుండా ఒడ్డు మీది ఆడవాళ్ల దగ్గరే కొనండి.